ఆట ఆడేవాళ్ళు సరే, ఆడించేవాళ్ళు ఎవరు?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని పూర్వ విద్యార్థుల సంఘం మిత్రులు అడిగినప్పుడు, అందరిలాగే నేనూ హాస్టల్ జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. నీళ్ళ సాంబారు, తాళం పోయిన ట్రంకు పెట్టె, సెలవులకు ఇంటికి వెళ్ళే ముందు రోజు నిద్ర పట్టకపోవడం... ఇవన్నీ ప్రతి సంచికలోనూ వస్తూనే ఉన్నాయి. నాకంటే బాగా రాసినవాళ్ళు ఉన్నారు. అందుకని ఈసారి మన సంచికలో ఇంతవరకు ఎవరూ ముట్టుకోని విషయం ఒకటి ఎత్తుకుంటున్నాను. ఆటల పోటీల గురించి. ఆడేవాళ్ళ గురించి కాదు, ఆ పోటీలను జరిపించేవాళ్ళ గురించి. ఒలింపిక్స్ లాంటి పెద్ద పోటీలు నడపడానికి దేశదేశాల మనుషులకు ఎలా శిక్షణ ఇస్తారు, ఆ శిక్షణ ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు అనే దాని గురించి.

"ఇదేం విషయం, మనకేం సంబంధం?" అనుకునే తమ్ముళ్ళు ఒక్క పావుగంట ఓపిక పట్టండి. స్టడీ అవర్‌లో కూర్చున్నట్టు కూర్చుంటే చాలు.

ముందు మన గ్రౌండ్ నుంచే మొదలుపెడతాను. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు వార్షికోత్సవం నాడు కబడ్డీ ఫైనల్ గంటన్నర ఆలస్యంగా మొదలైంది. కారణం సున్నం. కోర్టు గీతలు గీయడానికి తెచ్చిన సున్నం బస్తాను వంటగది వెనక గోడవార పెట్టారు. రాత్రి వాన పడింది. తెల్లారేసరికి బస్తా తడిసి ముద్దయింది. ముఖ్య అతిథి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. మేమేమో ఊళ్ళోకి పరుగెత్తి ఇల్లిల్లూ తిరిగి ముగ్గుపిండి అడుక్కొచ్చాం. ఆ రోజు అందరం నవ్వుకున్నాం. మరుసటి ఏడు నేను పదిలోకి వచ్చాను. మళ్ళీ వాన పడింది. మళ్ళీ బస్తా అదే గోడవార ఉంది. ముందు ఏడు ఆ పని చూసిన అన్నలు పది పాసై వెళ్ళిపోయారు. వాళ్ళతోపాటే సున్నం బస్తా లోపల పెట్టాలన్న తెలివి కూడా హాస్టల్ దాటి వెళ్ళిపోయింది. మరి నాకు గుర్తుండాలి కదా అంటారా? నేను కబడ్డీ జట్టులో ఉన్నాను. బస్తా సంగతి నా పని కాదనుకున్నాను. అందరూ అలాగే అనుకున్నారు.

నవ్వకండి, ఒలింపిక్స్‌లో కూడా చాలాకాలం ఇదే జరిగింది. ఒక నగరానికి ఒలింపిక్స్ ఇస్తారు. ఆ నగరం ఒక నిర్వహణ సంఘాన్ని పెట్టుకుంటుంది. ఏడేళ్ళు కష్టపడి పని నేర్చుకుంటుంది. పదిహేడు రోజుల పండుగ అయిపోగానే ఆ సంఘాన్ని రద్దు చేస్తారు. ఉద్యోగులు తలో దిక్కూ పోతారు. నాలుగేళ్ళ తర్వాత ఇంకో దేశంలో ఇంకో సంఘం మళ్ళీ అ, ఆ ల దగ్గర మొదలుపెడుతుంది.

దీని ఫలితం 1996లో అట్లాంటాలో కనబడింది. అమెరికా లాంటి దేశం, డబ్బుకు కొదవ లేదు, కంప్యూటర్లకు కొదవ లేదు. అయినా పోటీల ఫలితాలు వార్తాసంస్థలకు వేళకు అందలేదు, అందినవాటిలోనూ తప్పులు. వేరే ఊళ్ళ నుంచి తీసుకొచ్చిన బస్సు డ్రైవర్లకు అట్లాంటా దారులు తెలియవు. క్రీడాకారుల్ని ఎక్కించుకుని దారి తప్పారు. నాలుగేళ్ళు సాధన చేసి వచ్చిన మనిషి, పోటీ మొదలవడానికి ముందు బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ ఎక్కడున్నాడో తెలియక చెమటలు పట్టడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. డ్రైవర్‌ది తప్పని నేననను. అతనికి ముందు రోజు ఖాళీ బస్సుతో ఆ దారిలో ఒకసారి తిప్పి చూపించనివాడిది తప్పు.

తర్వాతి ఒలింపిక్స్ 2000లో సిడ్నీలో. అట్లాంటాను చూసిన సిడ్నీవాళ్ళకు రవాణా అంటే భయం పట్టుకుంది. వాళ్ళు చేసిన పని నాకు చాలా నచ్చింది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. సిడ్నీలో ఏటా రాయల్ ఈస్టర్ షో అని వ్యవసాయ ప్రదర్శన జరుగుతుంది. ఆవులు, గొర్రెలు, పంటలు, రంగులరాట్నాలు. మన పశువుల సంతనూ హైదరాబాద్ నుమాయిష్‌నూ ఒకచోట కలిపితే ఎలా ఉంటుందో అలాంటిది. 1998లో ఆ ప్రదర్శనను పాత చోటు నుంచి తీసేసి, ఒలింపిక్స్ జరగబోయే హోంబుష్ ప్రాంతానికి మార్చారు. అదే ఏడు అక్కడికి కొత్త రైలు మార్గం కూడా తెరిచారు. గొర్రెల్ని చూడటానికి వచ్చే లక్షల మందిని రైళ్ళలో, బస్సుల్లో తీసుకొచ్చి, తిరిగి ఇళ్ళకు చేర్చడమే వాళ్ళకు రిహార్సల్. ఎక్కడ తొక్కిసలాట వస్తోంది, ప్లాట్‌ఫారం మీద ఎంతమంది పడతారు, చివరి రైలు ఎన్నింటికి ఉండాలి, ఇవన్నీ రెండున్నరేళ్ళ ముందే చూసుకున్నారు. ఒలింపిక్స్ వచ్చేసరికి ప్రేక్షకుల సొంత కార్లను అటువైపు రానివ్వలేదు. టికెట్ కొన్నవాడికి రైలు, బస్సు ప్రయాణం ఆ టికెట్‌లోనే కలిసి ఉంది. పెద్ద శాస్త్రం ఏమీ లేదు. సున్నం బస్తాను ముందుగానే లోపల పెట్టుకున్నారు, అంతే.

సిడ్నీలో సుమారు 47 వేల మంది స్వచ్ఛంద కార్యకర్తలు పనిచేశారు. వాళ్ళకు తర్ఫీదు ఇచ్చింది ఏ పెద్ద బిజినెస్ స్కూలో అనుకునేరు. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రభుత్వ వృత్తివిద్యా సంస్థ, టేఫ్ అంటారు. మన ఐటీఐ, పాలిటెక్నిక్‌ల లాంటిది. ఈ సంగతి మనవాళ్ళు ప్రత్యేకంగా గమనించాలి. ప్రపంచంలోని అతి పెద్ద పండుగకు పాఠం చెప్పింది ఒక ఐటీఐ.

ఆ తర్ఫీదు మూడు మెట్లలో ఉంటుంది. మొదటిది అందరికీ ఒకటే: ఈ పోటీలు ఏమిటి, వచ్చేవాళ్ళతో ఎలా మాట్లాడాలి అని. రెండోది ఎవరి పని వాళ్ళకు: గేటు దగ్గర నిలబడేవాడికి గేటు పని, ఫలితాలు రాసేవాడికి ఫలితాల పని. మూడోదే అసలైనది. ఎవరు ఏ స్టేడియంలో పని చేస్తారో ఆ స్టేడియానికే తీసుకెళ్ళి, నీ గేటు ఇది, మంచినీళ్ళు ఇక్కడ, డాక్టర్ అక్కడ, నీకు తెలియనిది ఎవరైనా అడిగితే నువ్వు అడగాల్సిన మనిషి ఇతను అని చూపించడం. తర్వాత వచ్చిన పెద్ద పోటీల్లోనూ ఈ మూడు మెట్ల పద్ధతే కనిపిస్తుంది.

ఇక ప్రణాళిక వేసే పెద్దలకు ఇంకో రకం శిక్షణ. ఒక బల్ల చుట్టూ రవాణా, భద్రత, వైద్యం, భోజనం, ప్రసారాలు చూసేవాళ్ళందర్నీ కూర్చోబెడతారు. ఒకాయన కాగితం చదువుతాడు: "మధ్యాహ్నం మూడు గంటలు. జోరున వాన. మారథాన్ దారిలో చెట్టు పడింది. పదకొండో నంబరు గేటు దగ్గర ఒక ముసలాయనకు గుండెనొప్పి. ఇప్పుడేం చేస్తారు?" ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఆపమని చెప్పే అధికారం ఎవరికి ఉంది, అక్కడే తేలిపోవాలి. చాలాసార్లు తేలదట. ఇద్దరు "అది నా నిర్ణయం" అంటారు, లేకపోతే ఎవరూ అనరు. అది బల్ల దగ్గర బయటపడితే నష్టం లేదు, స్టేడియంలో బయటపడితే ప్రాణాలు పోతాయి. దీని తర్వాత అసలు స్టేడియంలోనే చిన్న పోటీలు పెట్టి చూస్తారు. లండన్ వాళ్ళు 2011 నుంచే ఇలా వరసగా పరీక్షా పోటీలు నడిపారు.

సిడ్నీ తర్వాత అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ మేలుకుంది. సిడ్నీ సంఘం నేర్చుకున్నదంతా డబ్బిచ్చి కొని, మాన్యువళ్ళుగా రాయించి, తర్వాతి నగరాలకు అందించే ఏర్పాటు చేసింది. విజ్ఞాన బదిలీ అని దానికి పేరు. అప్పటి నుంచి ఒక నగరంలో ఒలింపిక్స్ జరుగుతుంటే, తర్వాత జరపబోయే నగరాల మనుషులు అక్కడికి పరిశీలకులుగా వస్తారు. తెర ముందు కాదు, తెర వెనక. సామాన్ల గోడౌను, బట్టలు ఉతికే చోటు, చెత్త బండ్లు వెళ్ళే వేళ, అన్నీ చూస్తారు. కొందరు కొన్ని నెలల ముందే వచ్చి అక్కడి ఉద్యోగుల పక్కన కూర్చుని పని చేస్తారు. పోటీలయ్యాక పాతవాళ్ళు కొత్తవాళ్ళ ఊరికి వెళ్ళి, ఏది బాగా జరిగింది, ఏది చెడిపోయింది అని రోజుల తరబడి చెబుతారు. లండన్ 2012 ఒలింపిక్స్ అయ్యాక, ఆ ఏడు నవంబరులో లండన్ వాళ్ళు రియో డి జెనీరోకు వెళ్ళి కూర్చున్నది ఇందుకే.

ఇంత చేసినా తప్పులు జరగవా? జరుగుతాయి. 2012 జూలై 25న, లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవానికి రెండు రోజుల ముందు, గ్లాస్గోలో మహిళల ఫుట్‌బాల్ మ్యాచ్. ఉత్తర కొరియా, కొలంబియా జట్లు. తెర మీద ఉత్తర కొరియా క్రీడాకారిణుల పక్కన దక్షిణ కొరియా జెండా చూపించారు. ఆ రెండు దేశాల మధ్య ఏముందో మీకు సాంఘిక శాస్త్రంలో చెప్పే ఉంటారు. ఆ అమ్మాయిలు మైదానం వదిలి లోపలికి వెళ్ళిపోయారు. మ్యాచ్ గంటకు పైగా ఆలస్యమైంది. నిర్వాహకులు క్షమాపణ చెప్పుకున్నారు. ఏడేళ్ళ తయారీ, కోట్లాది పౌన్ల ఖర్చు, చివరికి ఒక మనిషి ఒక ఫైలును ఇంకొకరి చేత సరిచూపించుకోకపోవడం దగ్గర పరువు పోయింది. ఆ వీడియో తయారుచేసిన మనిషికి ఆ జెండా ఒక బొమ్మ. ఆ అమ్మాయిలకు అది దేశం. శిక్షణ అంటే ఈ తేడా తెలియడమే అని నాకనిపిస్తుంది.

ఇప్పుడు ప్రపంచమంతా తిరిగే ఒక నిపుణుల దళం తయారైంది. సిడ్నీలో పనిచేసినవాళ్ళు ఏథెన్స్‌కు, అక్కడి నుంచి ఇంకో నగరానికి, ఆసియా క్రీడలకు, ప్రపంచ కప్‌లకు. మన సురభి నాటక కుటుంబాలు డేరాలు, తెరలు, దీపాలు బండ్ల మీద వేసుకుని ఊరూరా తిరిగినట్టు. ఒక తేడా ఉంది. సురభిలో బిడ్డ పుట్టినప్పటి నుంచి తెర వెనకే పెరుగుతుంది కాబట్టి విద్య ఇంట్లోనే ఉంటుంది. ఈ నిపుణులు వచ్చి, పని చేసి, జీతం తీసుకుని వెళ్ళిపోతే ఆ ఊళ్ళో ఏం మిగులుతుంది? అది ఆ ఊరివాళ్ళు పక్కన నిలబడి నేర్చుకున్నారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. కొన్ని దేశాలు దీన్ని గ్రహించాయి. రష్యా సోచి క్రీడలకు ముందు 2009లో ఒలింపిక్ విశ్వవిద్యాలయం ఒకటి పెట్టుకుంది. కతార్ 2022 ప్రపంచ కప్ కోసం జోసూర్ అనే శిక్షణా సంస్థ పెట్టుకుంది. స్విట్జర్లాండ్‌లో లౌసాన్‌లోనూ, న్యూషటెల్‌లోనూ 2000 ప్రాంతం నుంచే ఈ చదువులు ఉన్నాయి. ఫీజులు మాత్రం మనం ఇల్లూ గొడ్డూ అమ్ముకున్నా చాలవు.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. డిగ్రీ చదివే రోజుల్లో హైదరాబాద్‌లో ఒక అంతర్జాతీయ పోటీకి వాలంటీర్‌గా వెళ్ళాను. ఏ పోటీ అనేది ఇప్పుడెందుకు లెండి. పొద్దున్నే ఏడింటికి రమ్మన్నారు. ఒక టీషర్టు ఇచ్చారు, మోకాళ్ళ దాకా వచ్చింది. మెడలో కార్డు వేసి, "ఆ గేటు దగ్గర నిలబడు, పాస్ లేనివాళ్ళను రానివ్వకు" అన్నారు. అంతే శిక్షణ. పాస్‌లు నాలుగు రంగులవి ఉన్నాయి. ఏ రంగు వాళ్ళు ఎక్కడిదాకా వెళ్ళొచ్చో నాకు తెలియదు. ఒక విదేశీ పెద్దమనిషిని ఆపేశాను. ఆయన ఆ రోజు మ్యాచ్ రిఫరీ. నాకు వచ్చిన ఇంగ్లీషుకూ ఆయన కోపానికీ లంకె కుదరలేదు. మన అధికారి ఒకాయన పరుగున వచ్చి, అందరి ముందూ, "ఎక్కణ్ణుంచి వచ్చావురా నువ్వు? హాస్టల్ పిల్లల్ని పెట్టుకుంటే ఇంతే" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

కాసేపటికి బయటి దేశం నుంచి పోటీల పని మీద వచ్చిన ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది. తిట్టలేదు. నా కార్డు వెనక ఖాళీ భాగంలో పెన్నుతో నాలుగు రంగులు రాసి, ఒక్కోదాని ఎదురుగా ఎక్కడిదాకా అనేది గీసి, కింద ఒక ఫోన్ నంబరు రాసింది. తెలియకపోతే ఆపి, నవ్వి, ఈ నంబరుకు చెయ్యమంది. ఐదు నిమిషాలు పట్టలేదు. ఆ తర్వాత మూడు రోజులు ఆ గేటు దగ్గర ఒక్క గొడవా రాలేదు. అదే గేటు, అదే హాస్టల్ కుర్రాడు. మారింది కార్డు వెనక ఉన్న నాలుగు గీతలే. నేర్పకుండా పని అప్పజెప్పి, చెడిపోతే కులాన్నో హాస్టల్‌నో తిట్టేవాళ్ళను నేను ఆ తర్వాత చాలా ఉద్యోగాల్లో చూశాను.

మన రాజధానిలో పెద్ద పోటీలు జరగలేదా అంటే, జరిగాయి. 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో ఆసియా క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు. ఐదేళ్ళలో మూడు. గచ్చిబౌలిలో స్టేడియాలు లేచాయి. ఆ క్రీడా ప్రాంగణంలోని అంతస్తుల భవనం 2020లో కరోనా ఆసుపత్రి అయింది, అదీ మంచి పనికే వచ్చింది. భవనాలు మిగిలాయి సరే, ఆ మూడు పోటీలు నడిపినవాళ్ళు నేర్చుకున్నదాన్ని మన పిల్లలకు పాఠంగా చెప్పే పుస్తకం ఒక్కటైనా దొరుకుతుందేమోనని వెతికాను. నాకైతే దొరకలేదు. మేడారం జాతరకు రెండేళ్ళకోసారి ఆర్టీసీ వేల బస్సులు నడుపుతుంది. అడవిలో తాత్కాలిక బస్టాండు కట్టి లక్షల మందిని చేరవేస్తుంది. సిడ్నీ గొర్రెల ప్రదర్శన కంటే ఇది ఏ రకంగా తక్కువ? తక్కువ కాదు. ఆ డిపో మేనేజర్ల అనుభవాన్ని ఎవరూ డబ్బిచ్చి కొనరు, అంతే తేడా.

ఇక ఢిల్లీ సంగతి. 2010 కామన్వెల్త్ క్రీడలు. వాటికి ముందు 2006లో మెల్‌బోర్న్‌లో జరిగిన క్రీడల అనుభవం అందుబాటులో ఉంది, విదేశీ సలహాదారులు వచ్చారు. అయినా పోటీలకు పన్నెండు రోజుల ముందు, సెప్టెంబరు 21న, ప్రధాన స్టేడియం దగ్గర కడుతున్న పాదచారుల వంతెన కూలి ఇరవై మందికి పైగా కూలీలు గాయపడ్డారు. క్రీడా గ్రామం గదుల మురికి ప్రపంచమంతా టీవీల్లో చూసింది. స్వచ్ఛంద కార్యకర్తలు 22 వేల మందిలో దాదాపు 10 వేల మంది పోటీలు మొదలయ్యే ముందే మానేశారని పత్రికలు రాశాయి. శిక్షణ సరిగా లేదు, ఎవరికి ఏ పనో తెలియదు అన్నవే కారణాలుగా వచ్చాయి. చివరి నిమిషంలో అందరూ కిందా మీదా పడి పోటీలు జరిపించేశారు, ప్రారంభోత్సవం బాగుందన్నారు. మన దేశంలో పెళ్ళిళ్ళు కూడా అలాగే జరుగుతాయి కాబట్టి అందరూ సర్దుకున్నారు.

ఒక్క విషయంలో మాత్రం మనం సర్దుకోకూడదు. ఆ క్రీడల ఖర్చులోకి మన డబ్బు పోయింది. మాట వరసకు అంటున్నది కాదు. షెడ్యూల్డ్ కులాల ప్రత్యేక ఉప ప్రణాళిక కింద ఢిల్లీ ప్రభుత్వం దగ్గరున్న నిధులు కామన్వెల్త్ క్రీడల పనులకు మళ్ళాయని దళిత సంఘాలు సమాచార హక్కు చట్టం ద్వారా బయటపెట్టాయి. 2010 ఆగస్టులో రాజ్యసభలో అప్పటి హోం మంత్రి చిదంబరం గారు అది తప్పేనని ఒప్పుకున్నారు. ఆయన చెప్పిన లెక్కే సుమారు 678 కోట్ల రూపాయలు. ఎన్ని హాస్టళ్ళకు ఎన్ని మంచాలు, ఎన్ని దుప్పట్లు, ఎన్ని స్కాలర్‌షిప్పులు అవుతాయో లెక్కల్లో బాగున్న తమ్ముళ్ళు వేసి చూడండి. మన ఉమ్మడి రాష్ట్రంలో ఉప ప్రణాళికకు చట్టం కావాలని జరిగిన ఉద్యమంలో ఢిల్లీ పేరు ఎన్నోసార్లు వినబడింది. 2012 డిసెంబరులో శాసనసభ ఆ చట్టాన్ని ఆమోదించింది.

ఇప్పుడు నేను ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో చెబుతాను. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు ఇస్తూ 2025 నవంబరులో గ్లాస్గోలో నిర్ణయించారు. 2036 ఒలింపిక్స్ కూడా కావాలని మన దేశం అడుగుతోంది. అంటే వేల మందికి శిక్షణ ఇవ్వాలి. విదేశీ నిపుణులు వస్తారు, తరగతులు జరుగుతాయి, మనవాళ్ళు పరదేశాలకు వెళ్ళి చూసి వస్తారు. ఆ వేల మందిలో మనం ఉంటామా? ఉంటే ఎక్కడ ఉంటాం? వంతెన కింద కాంక్రీటు మోస్తూ ఉంటామా, వంతెన ఎప్పటికి పూర్తి కావాలో రాసే బల్ల దగ్గర ఉంటామా?

కతార్ ప్రపంచ కప్ చూసినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. ఆ స్టేడియాలు కట్టిన చేతుల్లో కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల చేతులు ఉన్నాయి, గోదావరి జిల్లాల చేతులు ఉన్నాయి. గల్ఫ్ నుంచి శవపేటికలు ఏ ఊళ్ళకు వచ్చాయో మనకు తెలుసు. ఆ స్టేడియాలను నడపడం నేర్పిన తరగతి గదిలో మనవాళ్ళు ఎంతమంది కూర్చున్నారో నాకు సందేహమే.

ఇలాంటి పెద్ద పోటీలన్నీ వృథా, వాటిని అసలు వద్దనాలి అనే మిత్రులు ఉన్నారు. వాళ్ళ మాటలో సగం నేనూ ఒప్పుకుంటాను. బడికి మరుగుదొడ్డి లేని చోట స్టేడియానికి పాలరాయి పరవడం నాకూ నచ్చదు. కానీ మనం వద్దన్నంత మాత్రాన ఆగవు. జరిగి తీరే పనిలో లెక్కలు రాసే కుర్చీ మనకు అక్కర్లేదని మనమే వదులుకోవడం ఎందుకు? డబ్బు ఎటు పోతోందో ఆ కుర్చీలో ఉన్నవాడికే ముందు తెలుస్తుంది.

అడ్డంకి ఎక్కడుందో చూడండి. ఈ రంగంలోకి మొదటి మెట్టు వాలంటీర్ పని. లండన్‌లో 70 వేల మంది ఆ పని చేశారు, రెండు లక్షల నలభై వేల మందికి పైగా దరఖాస్తు చేశారు. కనీసం పది రోజులు పని చేయాలి. యూనిఫారం ఇస్తారు, డ్యూటీ ఉన్న పూట భోజనం పెడతారు, నగరంలో తిరగడానికి పాస్ ఇస్తారు. జీతం ఉండదు. వేరే ఊరి నుంచి వచ్చే ఖర్చు, ఉండే గది ఖర్చు ఎవరివి వాళ్ళవే. సేవ అనే మాట వినడానికి బాగుంటుంది. ఆ సేవ చేయడానికి ముందు చేతిలో డబ్బుండాలి. సెలవుల్లో మిరప కోతకు పోతేనే వచ్చే ఏడు పుస్తకాలు కొనుక్కోగలిగిన కుర్రాడు సొంత ఖర్చుతో అహ్మదాబాద్ వెళ్ళి రెండు వారాలు గది అద్దె కట్టి సేవ చేయగలడా? ఆ మెట్టు ఎక్కనివాడికి పై మెట్టు ఎలా దొరుకుతుంది?

కాబట్టి నేననేది, రెండు రాష్ట్రాల సాంఘిక సంక్షేమ శాఖలు ఇప్పుడే, 2030 దాకా ఆగకుండా, క్రీడల నిర్వాహకులతో మాట్లాడాలి. మన హాస్టళ్ళ, గురుకులాల పూర్వ విద్యార్థుల్లో డిగ్రీ, పాలిటెక్నిక్ చదువుతున్నవాళ్ళను కొన్ని వందల మందిని ఎంపిక చేసి, పోటీలకు ముందు జరిగే శిక్షణకు, పరీక్షా పోటీలకు పంపాలి. రైలు చార్జీ, బస, భోజనం క్రీడల బడ్జెట్‌లోంచి ఇవ్వాలి. ఉప ప్రణాళిక నిధుల్లోంచి కాదు. ఈ ఒక్క మాట రెండుసార్లు చదవండి. మన డబ్బుతో మనకే శిక్షణ ఇచ్చి, ఉపకారం చేశామని ఫొటో దిగడం కుదరదు. ఇంకోటి, శిక్షణ పుస్తకాలు ఇంగ్లీషులోనే ఉంటే గేటు దగ్గర నిలబడ్డ నా గతే ఇంకొకరికి పడుతుంది. తెలుగులో, గుజరాతీలో, హిందీలో ఉండాలి. విదేశీ విద్యానిధికి దరఖాస్తు పెట్టే మన పిల్లలు కూడా కంప్యూటర్ కోర్సుల పక్కన ఈ క్రీడా నిర్వహణ చదువు సంగతి ఒకసారి విచారించండి. అందులో ఉద్యోగాలు ఉన్నాయి.

మనవాళ్ళకు ఆ పని చేతవుతుందా అని అడిగేవాళ్ళకు ఒకటే జవాబు. పొద్దున్నే ఆరు కుళాయిల దగ్గర నూట యాభై బకెట్ల వరసను కొట్లాట లేకుండా నడిపిన మానిటర్‌కు క్యూ నిర్వహణ మీద కొత్తగా చెప్పేదేముంటుంది? ఎంతమంది ఇంటికి వెళ్ళారు, ఎంతమంది మిగిలారు చూసి, సాయంత్రానికి ఎన్ని కిలోల బియ్యం పోయాలో చెప్పే మెస్ కమిటీ కుర్రాడు చేసేది, ఒలింపిక్ క్రీడా గ్రామంలో భోజనాల అధికారి చేసే పనే. 2014లో మన గురుకులాల పిల్లలు పూర్ణ, ఆనంద్ ఎవరెస్టు ఎక్కినప్పుడు కూడా ఇలాంటి సందేహాలే విన్నాం. చేత కావడం గురించి ఇక మాట్లాడొద్దు. నేర్పడం గురించి మాట్లాడదాం.

శాఖ వాళ్ళు వినేదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఈ వార్షికోత్సవానికి నేను ముందు రోజే వస్తున్నాను. ఒక పెద్ద లాంగ్ నోట్‌బుక్ తెస్తాను. ఆటల పోటీలు అయిన మర్నాడు, ప్రయాణాల తొందరలో పడకుండా, పొద్దున్న టిఫిన్ తర్వాత చింతచెట్టు కింద గంటసేపు కూర్చుందాం. వార్డెన్ గారు ఒప్పుకున్నారు. పదో తరగతి వాళ్ళు మాట్లాడాలి, ఎనిమిది, తొమ్మిది వాళ్ళు రాయాలి. వాలీబాల్ నెట్ ఎవరి దగ్గర తెచ్చారు, మైకు ఎందుకు ఆగిపోయింది, సర్టిఫికెట్ల మీద పేర్లు ఎవరు తప్పు రాశారు, ఎంత ఖర్చయింది, అన్నీ. మొదటి పేజీ నేనే రాసి తెస్తున్నాను. సున్నం బస్తా లోపల పెట్టాలి అని.